పరిగెత్తుతూ పడ్డానా, ఆగాక పడ్డానా?

2025 జూన్ 15, ఆదివారం, ఉదయం ఆరు దాటి పది నిమిషాలు. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా ఒకావిడ ముంజల గంప కిందికి దింపుకుంటోంది. అదే నాకు గుర్తున్న చివరి దృశ్యం. ఆ తర్వాత గుర్తున్నది ఆకాశం, మా వదిన ముఖం, గడ్డం మీద మంట. ఆ రెండింటి మధ్య జరిగింది నా దగ్గర లేదు, అది మా వదిన దగ్గర ఉంది. అర నిమిషం అని ఒకసారి, అయిదు నిమిషాలు అని ఇంకోసారి చెప్పింది. మాట్లాడుతూ పరిగెత్తుతున్నానట. మాట మధ్యలో తెగింది. చేతులు కూడా అడ్డం పెట్టుకోకుండా ముందుకు పడిపోయానట.

నాకు 43 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణకు ఆ ఏడాది తప్పకుండా వెళ్లాలని ఏప్రిల్ నుంచి సాధన చేస్తూ వచ్చాను. 32 కిలోమీటర్లు. వదిన, అంటే మా ఆయన అక్క, అప్పటికి నాలుగుసార్లు చేసింది, నేను ఒక్కసారీ చేయలేదు. ఈసారి ఆషాఢ పౌర్ణమి ముందురోజు జూలై 9న పడింది. పొద్దున్నే వాహనాలు ఆపేసే వేళకు కాళికాదేవి గుడి దగ్గర మొదలుపెట్టి, కాసేపు నడిచి, కాసేపు పరిగెత్తి వచ్చేవాళ్లం. మా అబ్బాయి వదిలేసిన పాత వాచీ నా చేతికి ఉండేది, గుండె వేగం చూపించేది.

ఒక మాట ఇక్కడే ఒప్పుకోవాలి. మే నెలలో సింహాచలం కొండ కింద, తొలిపావంచా దగ్గర మెట్లెక్కుతుంటే గుండెలో చేప గిలగిలా కొట్టుకున్నట్టు అనిపించింది, ఓ పది సెకన్లు. వాచీ చూస్తే 198. ఇంటికొచ్చి మా అబ్బాయితో నీ వాచీ పాడైందని చెప్పాను. పట్టీ బిగించుకోమన్నాడు. బిగించుకున్నాను. అంతటితో ఆ సంగతి మరిచిపోయాను.

పడిపోయినప్పుడు చుట్టూ చేరినవాళ్లలో ఒకరు నీళ్లు చల్లారు, ఒకరు నా గుప్పిట్లో తాళం చెవులు పెట్టారు. మూర్ఛ అనుకున్నారు. ఆ తాళాలతోనే ఆటోలో ఆసుపత్రికి వెళ్లిపోయాను. గంటన్నర తర్వాత ఒక పెద్దమనిషి క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడి, "అమ్మా, నా స్కూటర్ తాళాలు" అన్నాడు. బీచ్ నుంచి నడుచుకుంటూ వచ్చాడట. ఇచ్చేటప్పుడు మా వదిన ఎన్నిసార్లు క్షమించమందో లెక్కలేదు. ఆయన మాత్రం కూర్చుని, తాను నా వెనకే నడుస్తున్నాననీ, నేను ఆగలేదనీ, పరుగులోనే పడ్డాననీ, కాళ్లూ చేతులూ కొట్టుకోలేదనీ, పెదవులు తెల్లబడ్డాయనీ చెప్పి వెళ్లాడు. ఆ మాటలు అప్పుడు ఎవరూ రాసుకోలేదు.

క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. ఈసీజీ తీశారు, బాగుంది. గుండె రక్తపరీక్ష బాగుంది. చక్కెర 104. హిమోగ్లోబిన్ 10.8. పొద్దున్న ఏం తిన్నారు అని అడిగాడు. కాఫీ అన్నాను. ఆ ఒక్క జవాబుతో నా రోగం తేలిపోయింది: ఖాళీ కడుపు, ఉక్క, నీరసం. గడ్డానికి రెండు కుట్లు, ఒక సెలైన్, 7,150 రూపాయల బిల్లు. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాను. ఈలోగా జబ్బు చరిత్ర రాసుకుంటున్న నర్సుతో వదిన, "దీనికి చిన్నప్పటి నుంచీ దడేనండీ, పరీక్షలంటే వణికేది" అంది. అభిమానంగా అన్న మాట. దాని ఖరీదు తర్వాత చెబుతాను.

ఇంట్లో తలా ఒక తీర్పు. అత్తయ్యగారు దిష్టి అన్నారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. పక్కింటావిడ గ్యాస్ అంది. స్కూల్లో తోటి టీచరు ఈ వయసులో ఇవన్నీ మామూలే అంది. నాకు మటుకు హిమోగ్లోబిన్ కారణం బాగా నచ్చింది, ఎందుకంటే ఐరన్ మాత్రలతో పోతుంది. ఆ సాయంత్రమే కొనుక్కున్నాను కూడా.

17వ తేదీ మంగళవారం కుట్లు చూపించడానికి ఎప్పుడూ వెళ్లే పాత డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. మా పెళ్లి నాటి నుంచీ ఆయనే. గడ్డం చూడకుండానే అడిగారు: "పరిగెత్తుతూ పడ్డావా, ఆగాక పడ్డావా?"

తాళాల పెద్దమనిషి అప్పుడు గుర్తొచ్చాడు. పరిగెత్తుతూనే అన్నాను. ముందు కళ్లు మసకబారాయా, చెమట పట్టిందా, కడుపులో తిప్పిందా అని అడిగారు. ఏమీ లేదు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పరుగు ఆపి నిలబడ్డాక రక్తం కాళ్లలో నిలిచిపోయి పడేవాళ్లు చాలామంది, అది చాలావరకు ప్రమాదం కాదు, పరుగు సాగుతుండగా ఏ సూచనా లేకుండా పడితే మాత్రం గుండె కారణం కాదని తేలేదాకా గుండెదే అనుకోవాలి అన్నారు. పడ్డ గంటకు తీసిన ఈసీజీ బాగుంటే అది ఆ గంట గురించే చెబుతుందట, పడ్డ క్షణం గురించి కాదు. పరుగు వద్దు, మెట్లు వద్దు, స్కూటీ వద్దు, బాత్‌రూం తలుపు గడియ పెట్టుకోవద్దు. ఈ చివరిదాంతో నిజంగా భయపడ్డాను. ఫీజు 300.

ఇంకో ప్రశ్న కూడా వేశారు, మీ ఇంట్లో చిన్నవయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఉన్నారా అని. ఆ రాత్రి విజయనగరంలో ఉన్న అమ్మకు ఫోను చేశాను. మా చిన్న మేనమామ నేను ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పోయాడు, ఆ ఇంట్లో ఆయన మాట ఎవరూ ఎత్తరు. అమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత అంది: "వాలీబాల్ ఆడుతూ పడిపోయాడు. ఎండ దెబ్బ అన్నారు."

ఆ రాత్రీ, తర్వాత రెండు రాత్రులూ నిద్ర లేదు. నా గురించి కాదు. మా అబ్బాయి రోజూ సాయంత్రం క్రికెట్ ఆడతాడు.

20న గుండె డాక్టరు. టోకెన్ 41, మూడు గంటల పది నిమిషాలు కూర్చున్నాను, లోపల ఉన్నది తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో ఆయన ఎక్కువసేపు చూసింది నా వాచీలోని గీతనే. 15వ తేదీ ఉదయం 148 దగ్గర సాగుతున్న గీత మెల్లగా ఎక్కలేదు, నిచ్చెన వేసినట్టు ఒక్కసారిగా 212కు లేచింది. వాచీని నమ్మి వైద్యం చేయలేం కానీ ఎక్కడ వెతకాలో చెబుతోంది అన్నారు. పాడైందని తిట్టిన వాచీ! ఎకో చేశారు, గుండె ఆకారం, కవాటాలు బాగున్నాయి, పంపింగ్ 62 శాతం. ట్రెడ్‌మిల్ పరీక్ష, అదే టీఎంటీ, బయట చిన్న సెంటర్లో చవగ్గా చేయించుకుంటానంటే ఒప్పుకోలేదు. పరుగులో స్పృహ తప్పినవాళ్లకు షాక్ యంత్రం పక్కన పెట్టుకుని, డాక్టరు గదిలో ఉండగానే చేయాలట.

23, సోమవారం. ఛాతీ నిండా అతుకులు, తీగలు, నడుముకు పెట్టె. చీరతో వెళ్లాను, వాళ్లిచ్చిన పైజామా నా ఎత్తుకు మోకాళ్ల దాకానే వచ్చింది. సల్వారూ, పట్టు ఉండే బూట్లూ తీసుకుని వెళ్లండి. మూడేసి నిమిషాలకు ఒకసారి బెల్టు వేగమూ ఏటవాలూ రెండూ పెరుగుతాయి. మొదటి రెండు మెట్లు నాకు నవ్వులాటగా ఉన్నాయి. మూడోదానిలో, ఎనిమిదో నిమిషం దగ్గర, చేప వచ్చింది. నేను చెప్పకముందే టెక్నీషియన్ వేలు ఎర్ర బొత్తాం మీద ఉంది. డాక్టరు అంతవరకు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నారు, మాట ఆపేశారు. బెల్టు ఆగింది, నన్ను పడుకోబెట్టారు. వరసగా పన్నెండు కొట్టులు, గుండె కింది గది నుంచి తప్పుగా పుట్టినవి. వెంట్రిక్యులర్ టాకీకార్డియా అన్నారు. నాకు ఆ పేరు కన్నా ఆ గదిలో ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దమే ఎక్కువ గుర్తుంది.

విచిత్రం ఏమిటంటే భయంతోపాటు ఊరట కూడా కలిగింది. ఇది నీరసం కాదు, వయసు కాదు, నా ఊహ కాదు. కాగితం మీద ఉంది.

ఆ రాత్రి మానిటర్ మీద ఉంచి గుండె వేగం తగ్గించే మాత్ర, మెటోప్రోలాల్, మొదలుపెట్టారు. 18,600 అయింది. బీమాకు తెలియజేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అది మా తప్పు. మాత్ర పనిచేసింది కానీ చేతులు చల్లగా ఉండేవి, బోర్డు మీద లెక్క సగంలో ఆగి కుర్చీ వెతుక్కునేదాన్ని. కలలు మాత్రం సినిమాల్లాగా వచ్చేవి.

28న గుండె ఎంఆర్ఐ, 14,000. లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదు. మెట్టెలు పదిహేడేళ్లుగా తీయలేదు, సబ్బు నురగతో పావుగంట పట్టింది. సూత్రాలు తీయాలంటే అత్తయ్యగారి ముఖం మాడిపోయింది. చివరికి ఆవిడే ఒక పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేశారు, టెక్నీషియన్ దాన్ని వేలితో తాకి చూసి సరే అన్నాడు. ముప్పావు గంట గొట్టంలో, ఊపిరి పీల్చు, వదులు, ఆపు. నేను లోపల పదిహేడో ఎక్కం చదువుకున్నాను. జూలై 2న ఫలితం: కండరంలో మచ్చ లేదు, కొవ్వు చేరలేదు. అంటే వంశంలో నడిచే రకం జబ్బు ఛాయలు నాలో కనబడలేదు. మామయ్య సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, అయినా మీ అబ్బాయికి ఒక ఈసీజీ, ఒక ఎకో తీయించండి అన్నారు. తీయించాం, 2,300. రెండూ బాగున్నాయి. ఆ కాగితం చూశాక ఆసుపత్రి వరండాలోనే ఏడ్చాను. మా అబ్బాయి సిగ్గుపడి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు.

జూలై 9. మాత్ర మీద ఉండగా తప్పుడు కొట్టుల లెక్క ఎంతుందో చూడాలని హోల్టర్, అంటే ఇరవై నాలుగు గంటలూ గుండె లయను రాసుకునే పెట్టె, కట్టారు, సరిగ్గా ఆ రోజే. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో. ప్రదక్షిణ మా వీధి చివరి నుంచే వెళుతుంది. సాయంత్రం నుంచీ జనం, పసిపిల్లల్ని భుజానికెత్తుకున్నవాళ్లు, చెప్పులు లేని ముసలివాళ్లు. మా అపార్ట్‌మెంట్ వాళ్లు మజ్జిగ పంచుతున్నారు. నేను చున్నీ కింద పెట్టె దాచుకుని గ్లాసులు అందించాను. హోల్టర్‌తో ఒక చిన్న పుస్తకం ఇస్తారు, ఏ సమయంలో ఏం చేశారో రాయాలి. నాది ఇలా ఉంది: "8:50 మజ్జిగ పంచుట. 10:15 వదిన కనిపించినది, ఏడ్చితిని. 10:20 తగ్గినది." టెక్నీషియన్ మర్నాడు చదివి తలెత్తలేదు కానీ పెదవి బిగబట్టాడు. లెక్క వచ్చింది: రోజు మొత్తంలో 97 వేల కొట్టుల్లో 11,320 తప్పుడువి. మాత్ర వేసుకుంటూ ఉండగా! నేను పదింట ఒకటికి పైనే అని అక్కడే లెక్కగట్టాను.

14న గుండె లయలు మాత్రమే చూసే డాక్టరు దగ్గరికి, ఆరిలోవ వైపు. ఈయన తొందరపడలేదు, కాగితం మీద బొమ్మ వేశారు. గుండె కుడి కింది గది నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి మొదట్లో ఒక చిన్న చోటు తనంతట తాను కరెంటు పుట్టిస్తోందట. ఒంట్లో అడ్రినలిన్ పెరిగినప్పుడు, అంటే పరుగులో, భయంలో, అది రెచ్చిపోతుంది. నాకు అర్థమైంది ఇలా: బంట్రోతు కొట్టవలసిన గంటను వరండాలో నిలబెట్టిన పిల్లవాడొకడు కొడుతున్నాడు. వాడు ఎప్పుడో ఒకసారి కొడితే ఎవరూ పట్టించుకోరు, ఆగకుండా కొడితే బడి మొత్తం బయటకు వచ్చేస్తుంది. ఈ మాట అంటే డాక్టరు నవ్వి, ఆ పిల్లవాడిని వెతికి కూర్చోబెట్టడమే, అంటే తొడ నుంచి పంపిన తీగతో ఆ చోటును కాల్చేయడమే, అబ్లేషన్ అన్నారు. మిగతా గుండె బాగుంది కనుక ఇది మంచి రకమేననీ, ఎక్కువమందిలో ఒక్కసారితో పోతుందనీ అన్నారు. తొడలో సిర నుంచి రక్తం కారడం, అరుదుగా గుండె గోడకు చిల్లు పడటం లాంటి ప్రమాదాలు కూడా ఏదీ దాచకుండా చెప్పారు. మాత్రతో ఉండిపోవచ్చు కూడా. నేను మాత్ర వద్దనుకున్నాను. అంచనా 2,60,000.

ఇక వదిన మాట ఖరీదు. 24న చేరాలని 17న బీమాకు కాగితాలు వెళ్లాయి, 19 నుంచి మాత్ర ఆపాను, ఎందుకంటే అయిదు రోజులు ముందు ఆపితేగానీ ఆ తప్పుడు కొట్టు బయటపడదు. 22న బీమా నుంచి ప్రశ్న: "చిన్నప్పటి నుంచి దడ" అని క్యాజువాలిటీ కాగితంలో ఉంది, పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బా? వదిన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పరీక్షలప్పటి భయానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు ఉత్తరం రాయాల్సి వచ్చింది. మాత్ర మళ్లీ మొదలుపెట్టి, 26న మళ్లీ ఆపాను. 29న 1,85,000కు ఒప్పుకున్నారు. ఇంకో చిక్కు: చేరే తేదీకి ముందు 30 రోజుల పరీక్షల ఖర్చే పాలసీలో వస్తుంది. 24న చేరి ఉంటే ఎంఆర్ఐ 26 రోజుల వెనక ఉండేది. 31న చేరాను కనుక 33 రోజులు. మూడు రోజులకు 14,000. రోగి పక్కన ఉండేవాళ్లను ముందే కూర్చోబెట్టి, అడిగినదానికే జవాబు చెప్పమనండి.

ఆగస్టు 1, శ్రావణ శుక్రవారం. అత్తయ్యగారికి ఆ రోజు ఆసుపత్రి ఇష్టం లేదు, కానీ డాక్టరుకు ఖాళీ ఆ రోజే ఉంది. గది చలికి పళ్లు కొట్టుకున్నాయి. వీపుకు అంటించిన పలకలు ఐసుముక్కల్లా ఉన్నాయి. పూర్తి మత్తు ఇవ్వరు, తొడ దగ్గర మాత్రమే సూది. సిర లోపల తీగలు పాకుతున్నట్టు తెలియదు, ఎవరో నడుము దగ్గర నొక్కుతున్నట్టు ఉంటుంది, అంతే. గోడ మీద నా గుండె రంగురంగుల బంతిలా తిరుగుతోంది.

అప్పుడు ఎవరూ ముందు చెప్పని సంగతి జరిగింది. పిల్లవాడు రాలేదు. రెండు నెలలుగా గంట కొట్టినవాడు ఆ రోజు బుద్ధిమంతుడైపోయాడు. ఇరవై నిమిషాలు, ముప్పై, నలభై. వాడు రాకపోతే ఎక్కడ కాల్చాలో తెలియదు, తీగలు తీసేసి ఇంటికి పంపేయాల్సి వస్తుంది. నాలుగు గోడల మధ్య వెల్లకిలా పడుకుని, నాకు గుండెదడ రావాలని అప్పన్నకు మొక్కుకున్నాను. సెలైన్‌లో ఒక మందు ఎక్కించారు. పడుకున్నచోటే మెట్లెక్కుతున్నట్టు గుండె వేగం పుంజుకుంది, చెవుల్లో హోరు, చేతులు వణుకు. చేప ఎగిరింది. లోపలి గదిలోంచి ఎవరో "వచ్చింది, వచ్చింది" అన్నారు, పెళ్లివారి బస్సు వచ్చినట్టు.

కాల్చేటప్పుడు ఛాతీ మధ్యలో వేడి టీ గబుక్కున మింగినట్టు ఉంది. మొత్తం మీద రెండు గంటల నలభై నిమిషాలు. ఆ తర్వాత ఆరు గంటలు కాలు మడవకుండా పడుకోవడమే నాకు అసలు శిక్ష. వెల్లకిలా పడుకుని ఇడ్లీ తినడం, మంచం మీద పాత్రలో మూత్రం పోయడం. రెండోదానికి సిగ్గుతో గంటన్నర ఆపుకున్నాను, నర్సు కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపించింది. పనిచేసింది. రెండో తారీఖు సాయంత్రం ఇంటికి పంపారు. తొడ మీద అరచేయంత నల్లటి మచ్చ రెండు వారాలు ఉంది. వరలక్ష్మీ వ్రతం నాడు, 8న, కింద కూర్చోలేక కుర్చీలో కూర్చునే పూజ చేశాను.

ఆసుపత్రికి మేం కట్టింది 75,000. మొదటి రోజు నుంచి అన్నీ కూడితే సొంత డబ్బు 1,31,000 దాటింది, అందులో స్కూటీ మానేసి ఎక్కిన ఆటోలవే నాలుగు వేలు.

మొదటి మూడు వారాలు అప్పుడప్పుడూ ఒక కొట్టు తప్పేది. ప్రతిసారీ పని చెడిపోయిందనే అనుకునేదాన్ని. కాల్చినచోటు మానే దాకా అలా ఉండవచ్చని డిశ్చార్జి కాగితంలో ఒక వాక్యం ఉంది, నేను అది చదివింది నాలుగో వారంలో. సెప్టెంబరు 12న మళ్లీ హోల్టర్, మళ్లీ ట్రెడ్‌మిల్. రోజంతా తప్పుడు కొట్టులు 61. బెల్టు మీద నాలుగో మెట్టు దాకా వెళ్లి, 9 నిమిషాల 40 సెకన్లకు నేనే కాళ్లు లాగి ఆపమన్నాను. మాత్ర ఆపేశారు. స్కూటీకీ, మెల్లని పరుగుకీ అనుమతి ఇచ్చారు. బాత్‌రూం గడియ సంగతి అడగడం మరిచిపోయాను, ఆ రాత్రి నేనే పెట్టుకున్నాను.

అక్టోబరు 5, ఆదివారం, మళ్లీ బీచ్ రోడ్డు. వదిన ఒక చేతిలో ఓఆర్‌ఎస్ సీసా, భుజానికి సంచీ. సంచీలో నా ఈసీజీలన్నీ ఉన్నాయని తర్వాత తెలిసింది. నేను ముందు, తను నాలుగు అడుగులు వెనక. తాళాల పెద్దమనిషి ఎదురొచ్చి చేయి ఊపాడు, జేబు తడుముకుని తాళాలు ఉన్నాయో లేదో చూసుకున్నాడు. వాచీలో 139. సబ్‌మెరైన్ దగ్గరపడగానే వదిన గబగబా వచ్చి నా మోచేయి పట్టుకుంది.

"ఇక్కడ నడు. ఇది దాటాక పరిగెత్తుదువుగాని."

సబ్‌మెరైన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇద్దరం చేయీ చేయీ పట్టుకుని నడిచాం.